అవ్వ రక్తంలో నా వాటా

జనగామ,
9 జూన్ 2024

తమ్ముడు ఎల్లేశుకు,

మీ అక్క ప్రేమలత రాస్తున్నది. ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, నీ భార్య వసంత వింటుంది, అవ్వ పక్కనే కూచుని ‘ఏమంటున్నది, ఏమంటున్నది’ అని అడుగుతుంది. చెవులు మందం కదా. పైగా ఫోన్లో మనిద్దరం రెండు మాటలు దాటితే మూడోది జగడమే. అందుకే షాపులో మిషన్ ఆపి కాగితం తీశాను.

అవ్వ గూడూరు ఇంటికి తాళం వేసి నీ దగ్గరికి వచ్చిందట. ఈ సంగతి నాకు మనవాళ్ళెవరూ చెప్పలేదు, గూడూరు నుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి చెప్పింది. ‘మీ అవ్వ మూట గట్టుకోని పోయింది గదా, మహదేవపూర్ల కొడుకు కాడికి’ అన్నది. నేను నవ్వి, నాకు ముందే తెలుసన్నట్టు తల ఊపాను.

పోయిన ఉగాదికి నేనే వెళ్ళి బతిమాలాను. ‘ఒక్కదానివి ఎందుకు అవ్వా, నీ బిడ్డ ఇంటికి రా’ అన్నాను. ‘వస్త తియ్’ అన్నది. మీ బావ వీరస్వామి వెనక గదికి సున్నం వేయించాడు. కొత్త మంచం, ఫ్యాను తెచ్చాడు. ఆ గదిలో ఇప్పుడు నా పాత గుడ్డపీలికల సంచులున్నాయి.

అవ్వ హన్మకొండ దాకా వచ్చింది కదా. బస్టాండులో జనగామ బస్సులూ ఉంటాయి, భూపాలపల్లి బస్సులూ ఉంటాయి. అక్కడ నిలబడి అవ్వ ఎటు చూసిందో, ఎంతసేపు ఆలోచించిందో నాకు తెలియాలి. అసలు ఆలోచించిందా?

అడిగి రాయి.

మీ అక్క
ప్రేమలత


మహదేవపూర్,
21 జూన్ 2024

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. అవ్వ బాగానే ఉన్నది. నాకు ఒంట్లో బాగాలేక వచ్చింది. కామెర్ల లాగా అయింది, ఇప్పుడు నయం. కొన్నాళ్ళు ఉంటుంది. నువ్వు పరేషాన్ కాకు. ఇప్పుడైతే రావద్దు. నేనే చెప్తాను.

బావకు, పిల్లలకు నా నమస్కారాలు, ఆశీస్సులు.

ఎల్లేశ్


జనగామ,
2 జూలై 2024

ఎల్లేశుకు,

నీ ఉత్తరం చూశాను. ఉత్తరమంటే ఉత్తరం కాదు, బస్సు టికెట్ వెనక రాసినంత ఉంది. ఆ అక్షరాలేంటి? గూడూరు బడిలో నీ రాత చూసి సార్లు మెచ్చుకునేవారని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. నాకు రాయడానికి మాత్రం కోడి గెలికినట్టు రాస్తే చాలనుకున్నావు.

పైగా రావద్దంటావు. తమ్ముడికి కామెర్లయితే అక్క రావద్దా?

నువ్వు దాచినా వార్త దాగదు. మీ వీధిలో గాజులమ్మే ఆమె జనగామ మనిషే. ఆమె చూసిందట. అవ్వ పీట వేసుకుని నీ ఎదురుగా కూచుని, అన్నం కలిపి ముద్దలు నోట్లో పెడుతున్నదట. ముప్పై ఆరేళ్ళ మనిషికి! మోటార్ వైండింగ్ షాపు నడిపేవాడికి, ఇద్దరు పిల్లల తండ్రికి!

ఆ మాట విన్న రోజు నేను ఒక పట్టు జాకెట్ చేతులు తారుమారు చేసి కుట్టాను.

నాకు పదేళ్ళప్పుడు ఇక్కడ మేనత్త ఇంట్లో టైఫాయిడ్ వచ్చింది. జ్వరంలో అవ్వ అవ్వ అని కలవరించానట. సమ్మక్కత్త కబురు పెడితే అవ్వ వచ్చింది. గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. బత్తాయిలు అత్త చేతికిచ్చి, నన్ను అక్కడి నుంచే చూసి, అదే పూట బస్సుకు వెళ్ళిపోయింది. నేను నొసలు చూపించాను తెలుసా, ముట్టుకొని చూస్తుందని.

ఆరేళ్ళ పిల్లను ఆడబిడ్డకు ఇచ్చేసిన తల్లి, కొడుకును ముప్పై ఆరేళ్ళొచ్చినా ఒళ్ళో నుంచి దించలేదు. ఈ మాట అవ్వకు చదివి వినిపించు. గట్టిగా చదువు, చెవులు మందం.

ప్రేమలత


మహదేవపూర్,
19 జూలై 2024

అక్కా,

అవ్వకు చదివి వినిపించలేదు. వినిపించే మాటలు కావు.

దాచి లాభం లేదనిపించింది. ఈ ఉత్తరం చదివి బావకు చూపించినా సరే, బయట మాత్రం అనకు. షాపు మీద బతికేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక మోటారు వైర్లు అతికిస్తుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. వైండింగ్ కాలిందేమో అనుకుని వెతికాను. కాలింది నా వేలు. సోల్డరింగ్ ఐరన్ చిటికెన వేలికి ఆనుకొని ఉంది. నాకు తెలియలేదు అక్కా. తోలు లేచిపోయినా తెలియలేదు. వసంత భయపడి దవాఖానకు తోలుకపోయింది. వీపు మీద, మోచేతి దగ్గర మచ్చలు చూసి, నరం పట్టి చూసి చెప్పారు. కుష్టు. మనవాళ్ళు పెద్దరోగం అంటారే, అదే.

వసంత అవ్వకు ఫోన్ చేసి ‘వేలు కాలినా తెలువలేదట అత్తమ్మా’ అన్నది, అంతే. రోగం పేరు చెప్పనే లేదు. మర్నాడు పొద్దున్నే అవ్వ మూటతో దిగింది. హన్మకొండలో ఏ బస్సు వైపు చూసిందని అడిగావు. ఇందుకే ఇటు వచ్చింది.

ఇక మందులు. గోళీలు వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే మూత్రం నల్లటి డికాషన్ లాగా వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. షాపులో పడిపోయాను. భూపాలపల్లి నుంచి వరంగల్ పంపించారు, రక్తం ఎక్కించారు. కామెర్లని నీకు రాసింది దాని గురించే.

అక్కడి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రక్తంలో ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్ ఒకటి ఉంటుందట, దాని పేరు జీ6పీడీ. అది నాలో పుట్టుకతోనే తక్కువ. మామూలుగా ఏమీ కాదు. కానీ ఈ రోగానికి ఇచ్చే గోళీల్లో డాప్సోన్ అని ఒకటుంది, అది అలాంటి వాళ్ళ కణాలను పగలగొడుతుందట. ఇప్పుడు అది ఆపి వేరేవి ఇస్తున్నారు. వాటితో ఒళ్ళు నల్లబడుతున్నది. చూస్తే గుర్తు పట్టవు.

ఆ లోపం మగపిల్లలకు తల్లి నుంచే వస్తుందట. అంటే అవ్వ నుంచి. ఆడపిల్లకు వచ్చినా రావచ్చు, రాకపోవచ్చు. ఆమెకు వస్తే ఆమె కొడుకులకు రావచ్చు. అందుకని నిన్ను కూడా పరీక్ష చేయించుకోమన్నారు. ఒక పరిశోధన బృందం ఇలాంటి కుటుంబాల రక్తం తీసుకుంటున్నది. రక్తంలో ఈ ఎంజైములు ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటాయట, దాన్ని బట్టి ఈ రోగం కొందరికి తొందరగా పడుతుందా అని చూస్తున్నారు. వాళ్ళు నీ దగ్గరికే వస్తారు.

నా కుడి చేతి రెండు వేళ్ళు వంగిపోయాయి. చెక్కబద్ద కట్టారు. అందుకే ముద్దలు. అందుకే కోడి గెలికిన రాత.

ఎల్లేశ్


జనగామ,
28 జూలై 2024

తమ్ముడూ,

చదివి షాపు షట్టర్ దించేశాను. మీ బావకు చూపించాను. ఆయన చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చి, ‘పోదాం పా’ అన్నాడు. నువ్వు ఊ అంటే ఆ వెంటనే వచ్చే ఆదివారమే వస్తాం.

ఆ రాత గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒకటి అడుగుతాను. అంటే అవ్వ రక్తం చెడ్డదా? ఆ చెడ్డ రక్తం వల్లనే నీకు ఈ రోగం వచ్చిందా? ఆమెకు తెలుసా? తెలిసే అంత పరుగున వచ్చిందా?

పరిశోధన వాళ్ళు వస్తే తప్పకుండా ఇస్తాను. ఎంత రక్తమైనా తీసుకోమను. నీకొక్కడికే ఎందుకు వస్తుంది? నేనూ అదే కడుపులో ఉన్నాను, నీకంటే ముందే ఉన్నాను. సమ్మక్కత్త బతికున్నన్నాళ్ళూ చూసినవాళ్ళంతా ‘ఈ పిల్ల అచ్చం మేనత్త పోలిక’ అనేవారు. నడక మేనత్తది, ముక్కు మేనత్తది, కోపం మేనత్తది. అవ్వది నాలో ఒకటన్నా ఉండదా?

పరీక్షలో అది తేలుతుంది. తేలాలి.

నీ అక్క
ప్రేమలత


మహదేవపూర్,
16 ఆగస్టు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. చెడ్డ రక్తం అని ఎట్లా రాశావు? రోగం క్రిమి వల్ల వచ్చింది, రక్తం వల్ల కాదు. ఎంజైమ్ లోపం ఉంటే ఈ రోగం ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా అన్నది డాక్టర్లకే ఇంకా గట్టిగా తెలియదట. లోపం వల్ల పడనిది మందు మాత్రమే. అవ్వ దగ్గర ఆ మాట ఎత్తకు.

నీ భయం నాకు తెలుసు. నీ ఇద్దరు కొడుకులకు ఎక్కడ వస్తుందో అనే కదా అంత గట్టిగా తేలాలి, తేలాలి అంటున్నావు. భయపడేవాళ్ళు రావద్దు. ఇక్కడ మా వీధివాళ్ళు కొందరు అప్పుడే షాపు ముందు నుంచి నడవడం మానేశారు. గాజులామె కూడా. మందు మొదలైతే నా నుంచి ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ ఎంత చెప్పినా, కళ్ళల్లో భయం కనిపిస్తుంది. నీ కళ్ళల్లో చూడలేను.

పరీక్ష గురించి అవ్వకు చెప్పాను. చెవి దగ్గర రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వెంటనే అన్నది, ‘దానికేం ఉండది. అది నా లెక్క కాదు’ అని. నువ్వు తనలాగా కాదని అంత నమ్మకంగా అన్నది. నీకు ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

ఎల్లేశ్


జనగామ,
20 అక్టోబర్ 2024

ఎల్లేశుకు,

రెండు నెలలు రాయలేదు. రాయకూడదనుకున్నాను. ఇవాళ రాస్తున్నాను, ఎందుకంటే ఫలితం వచ్చింది.

పరిశోధన బృందం నుంచి శోభారాణి అనే డాక్టరమ్మ షాపుకే వచ్చింది. నవ్వుతూ వచ్చింది. ‘మీలో ఆ లోపం లేదమ్మా. మీ పిల్లలకు మీ నుంచి వచ్చే భయమే లేదు. సంతోషించండి’ అన్నది. చాయ్ తెప్పించాను. నా చేతులతో ఇచ్చాను. ఆమె వెళ్ళాక వెనక గదిలో, అవ్వ కోసం కొన్న మంచం మీద కూచుని ఏడ్చాను. మా చిన్నోడు వచ్చి ‘ఏందమ్మా, ఏమన్నా ఉందని చెప్పిన్రా?’ అని అడిగాడు. ఏమీ లేదని చెప్పారురా, అన్నాను. వాడికి అర్థం కాలేదు.

నీకూ అర్థం కాదు. కొడుకుల కోసం భయపడుతున్నానని రాశావు. నాకు కొడుకులు గుర్తుకే రాలేదు ఎల్లేశూ. ఎట్లాంటి తల్లినో చూడు. జబ్బు అంటుతుందని రాలేదనుకున్నావు. నువ్వు భయపడేవాళ్ళు రావద్దన్నావు కాబట్టి రాలేదు.

నాకు కావలసింది ఒక్కటే. అవ్వది ఏదన్నా నాలో ఉందని కాగితం మీద రాసి ఇవ్వడం. లోపమైనా సరే, రోగమైనా సరే. అవ్వ అన్నం నీకే, అవ్వ ఒడి నీకే, చివరికి అవ్వ రక్తంలో ఉన్న లోపం కూడా నీకే ఇచ్చింది. నా వాటా ఎక్కడ? పండుగకు గూడూరు వస్తే నన్ను పక్కింట్లో పడుకోబెట్టేది. తెల్లారి వచ్చి చూస్తే నువ్వు ఆమె కొంగు కప్పుకొని ఉండేవాడివి. నీకు నెత్తి దువ్వేది, నాకు దువ్వెన ఇచ్చేది.

‘అది నా లెక్క కాదు’ అన్నదట. పరీక్ష కంటే ముందే ఆమెకు తెలుసు. అంత గట్టిగా ఎట్లా తెలుసు? నేను ఆమె కన్న బిడ్డనేనా? అడుగు. ఈసారి తప్పించుకోకుండా చదివి వినిపించు.

ప్రేమలత


మహదేవపూర్,
10 నవంబర్ 2024

అక్కా,

చదివాను. చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క మాట వదలకుండా. వసంత పొయ్యి ఆర్పి వచ్చి కూచుంది. అవ్వ అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, ‘రాయి బిడ్డా, నేను చెప్పినట్టు రాయి’ అన్నది. అన్నట్టే రాస్తున్నాను.

‘దానికి ఆరేండ్లు. మీ నాయినకు చెవులు ఉబ్బినయి, ఒంటి మీద మచ్చలు లేసినయి. చూసినోళ్ళు పెద్దరోగం అన్నరు. ఇంట్ల ఉన్నది ఒక్కటే అర్ర. నువ్వు రొమ్ము మీద ఉన్నవ్. పాలు తాగేటోన్ని ఎవ్వలకియ్యాలె? అది నడిచే పిల్ల, తినే పిల్ల. దాన్ని ఇయ్యొచ్చు. ఇచ్చిన. మీ అత్తకు ఒట్టు పెట్టిచ్చుకున్న, దానికి చెప్పొద్దని.’

నాయినకు నరాల వాతం అనే కదా మనకు చెప్పింది. నాకూ అంతే తెలుసు. కాళ్ళకు గుడ్డలు చుట్టుకునేవాడు. పుండ్లని తెలుసు, ఏ పుండ్లో తెలియదు. దాచి దాచి, దవాఖానకు పోయి గోళీలు తెచ్చుకునేసరికే వేళ్ళు పోయాయట.

నేను అడిగాను, ‘మరి పండుగకు వస్తే అక్కను దగ్గరికెందుకు తీయలేదు?’

‘పొద్దుమాపు మీ నాయిన పుండ్లు కడిగే చేతులాయె. గా చేతులతోని దాని నెత్తి ఎట్ల ముట్టుకోవాలె? జ్వరమొచ్చి పండుకుంటే గడపల నిలబడి సూసిన. కాళ్ళు లోపలికే గుంజినయి. బస్సెక్కినంక నర్సంపేట దాక ఏడ్సిన.’

‘నాయిన పోయినంక చెప్పొచ్చు గదా?’

‘గా రోగం ఇరవై ఏండ్లు లోపల దాసుకోని ఉంటదని ఎవరో అన్నరు. సూద్దామనుకున్న. గంతల అది నన్ను సూసే సూపే మారింది. ఇగ ఏం చెప్పుడు.’

‘అది నా లెక్క కాదు’ అంటే ఏమిటో కూడా అడిగాను. ‘నా లెక్క కావద్దనే గదరా దాన్ని దూరం పంపింది’ అన్నది. అక్కా, ఆమె దేవుడికి మొక్కిన మొక్కును నేను నీకు ధైర్యం మాట అనుకుని రాశాను. నువ్వు తిట్టు అనుకుని చదివావు.

డాక్టరమ్మను అడిగాను. ఈ రోగం అంత సులువుగా అంటుకోదట, నూటికి తొంభై మందికి పైగా ఒంట్లోనే తట్టుకునే శక్తి ఉంటుందట. నిన్ను పంపకపోయినా నీకు వచ్చేది కాదేమో. ఆ మాట అవ్వకు చెప్పలేదు, చెప్పను. నువ్వూ చెప్పకు.

ఇప్పుడు నా సంగతి. ఇది అవ్వకు చదివి వినిపించడం లేదు. అవ్వ మాటలు విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఇద్దరిలో ఒక్కరినే మంటలోంచి బయట పెట్టగలిగితే, ఆమె నిన్ను పెట్టింది. పాలు తాగేవాణ్ణి ఇవ్వలేకపోయిందని నాకు తెలుసు. పాలు మానేశాక? నాలుగేళ్ళప్పుడు? ఏడేళ్ళప్పుడు? నన్ను కూడా ఎవరి చేతిలోనైనా పెట్టి ఉంటే నా వేళ్ళు ఇవాళ చక్కగా ఉండేవేమో. నీ వేళ్ళతో నువ్వు పట్టు జాకెట్లు కుడతావు. ఇన్నేళ్ళూ నా మీద నీకు కుళ్ళు అని నవ్వుకున్నాను. ఇప్పుడు అది ఎట్లా ఉంటుందో తెలిసింది. బాగాలేదు అక్కా.

రా. ఎప్పుడైనా రా.

ఎల్లేశ్


జనగామ,
8 డిసెంబర్ 2024

తమ్ముడూ,

క్షేమంగా చేరాం. వసంత కట్టిచ్చిన సకినాలు మీ బావ బస్సులోనే సగం తిన్నాడు. నువ్వు నిజంగానే నల్లబడ్డావు. మందు ఆపాక రంగు వస్తుందని వసంత అన్నది, నమ్ముతాను. వేళ్ళకు వ్యాయామం మానకు.

అక్కడున్న రెండు రోజులూ మనిద్దరం ఆ ఉత్తరం మాట ఎత్తలేదు. ఎదురుగా అనలేనివి ఉంటాయి. అందుకే మళ్ళీ కాగితం.

నాకు అర్థమైంది. కానీ అర్థమైతే కుళ్ళు పోతుందనుకున్నాను, పోలేదు. బస్సు దిగి మీ గల్లీలోకి వస్తుంటే అవ్వ నీ చేతికి కొబ్బరినూనె రాస్తూ కనిపించింది. ఛాతీలో అదే మంట. ఆమె నన్ను ఎందుకు పంపిందో తెలిసి కూడా, నన్ను పంపకుండా ఉంటే బాగుండేదనే అనిపించింది. రోగం వచ్చినా సరే అనిపించింది. నీ వేళ్ళు చూసి సిగ్గుపడ్డాను.

రెండో రోజు పొద్దున అవ్వ నన్ను అరుగు మీద ఎండలో కూచోబెట్టిన సంగతి నీకు తెలుసు. ‘జాకెట్ చేతులు పైకి మడువు’ అన్నది. చెవులు పట్టి చూసింది, మెడ చూసింది. కళ్ళు సరిగా ఆనవు కదా, వేళ్ళతో వెతికింది. వీపంతా తడిమింది. దవాఖానలో నీకు చేస్తుంటే చూసిందట, చీపురు నుంచి పుల్ల ఒకటి తీసి, ‘కండ్లు మూసుకో. ముట్టిన కాడ చెప్పు’ అన్నది. నన్ను అంతసేపు ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు ఎల్లేశూ. నలభై రెండేళ్ళకు.

మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచాను. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు. చూసి, ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయావు. ఆ ముఖం నాకు తెలుసు. ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకున్న ముఖమే. పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. ఆ కాసేపు ఆమెను ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నువ్వు లోపలికి పోయాక ఏమైందో నీకు తెలియదు. చెప్తాను.

పుల్ల ఒక్కో వేలి మీద ఆనిస్తూ ‘తెలుస్తున్నదా?’ అంటున్నది. ‘తెలుస్తున్నది’ అంటున్నాను. ఎడమ చెయ్యి చిటికెన వేలు వచ్చింది. అదే ఆఖరు. పుల్ల ఆనింది, సన్నగా తెలిసింది. నేను మాట్లాడలేదు. చెప్పేస్తే అయిపోతుంది, చెప్పకపోతే ఇంకోసారి ముట్టుకుంటుంది. అంతే, చిన్నపిల్ల బుద్ధి.

అవ్వ మళ్ళీ ఆనించింది. మళ్ళీ. నా చెయ్యి పట్టుకున్న ఆమె పట్టు బిగిసింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. నీ వేలు కాలిందని విన్నప్పుడు ఆమె ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను.

‘తెలుస్తున్నది అవ్వా! తెలుస్తున్నది, తెలుస్తున్నది’ అని అరిచాను. చెవులు మందం కదా, వీధంతా వినేటట్టు అరిచాను.

నీ అక్క
ప్రేమలత